ఏడో పేజీ దాటని బొమ్మల డైరీ: మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

ఏడోపేజీ
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ ఫోరంలో చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ ఉక్రోషం కొద్దీ రాస్తున్నాను.

ఇంట్లో, వీధిలో రోజూ కళ్ళబడేవి ఒక పుస్తకంలో బొమ్మలుగా వేసుకోవాలని రెండేళ్ళుగా కోరిక. ఆర్టూ గీర్టూ ఏం కాదు, డైరీ. ఎవరు ఎక్కడ చతికిలబడ్డారు, పక్కింటి పిల్లాడు సైకిలు ఎలా పడేసి పోయాడు, అలాంటివి. ఇప్పటికి మూడు పుస్తకాలు కొన్నాను. మూడూ ఆరో పేజీ, ఏడో పేజీ దగ్గర ఆగిపోయాయి. ఆరంభశూరత్వం అని మా ఆవిడ పైకి అనలేదు గానీ, నాలుగోది కొంటానంటే ఆ మూడూ తెచ్చి బల్లమీద వరసగా పెట్టింది.

నిన్నటి సంగతి చెప్తాను. మా అమ్మమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం కొస నాలిక మీద తడిపి, రెండు వేళ్ళతో నలిపి, సూదిని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, నోరు కాస్త తెరిచి. ఆ తెరిచిన నోరు చూసి ముచ్చటేసి పెన్సిలు తీశాను. తల వేసి భుజం దగ్గరికి వచ్చేసరికి దారం ఎక్కేసింది, ఆవిడ తల వంచుకుని కుట్టుకుంటోంది. మిగతాది ఊహించి పూర్తిచేశాను. అమ్మమ్మ చూసి, "ఎవర్రా ఈవిడ? జ్వరమొచ్చిందా పాపం?" అంది.

ఆ పేజీ చింపేశాను. దారంతో కుట్టిన పుస్తకం కదా, అటువైపున్న జంట పేజీ కూడా ఊడొచ్చింది. అందులో ఉన్న ఒక్క మంచి బొమ్మ కూడా పోయింది.

ఎవరూ కదలకుండా ఉండరు. పెన్నుతో వేస్తే దిద్దుకోలేను. పెన్సిలుతో వేస్తే వారానికల్లా పేజీ మసిగుడ్డలా తయారవుతుంది. బయట పుస్తకం తీస్తే నలుగురూ తొంగిచూస్తారని బెరుకు. ఇవీ నా బాధలు.

చిత్తుప్రతి
ముందు ఆ చింపడం మానండి. దానికి మిమ్మల్ని తిట్టేవాళ్ళు ఇక్కడ వేరే ఉన్నారు, నేను పని సంగతి చెప్తాను.

మనిషి కదులుతాడు. కానీ కదిలిన మనిషి మళ్ళీ అక్కడికే వస్తాడు. మీ అమ్మమ్మ ఆ పూట ఒక్కసారే దారం ఎక్కించిందా? దారం అయిపోయినప్పుడల్లా అదే కిటికీ, అదే తెరిచిన నోరు. జుట్టు దువ్వుకోవడం, బట్టలు మడతపెట్టడం, ఫోను మీద బొటనవేలు ఆడించడం, అన్నీ తిరిగి తిరిగి వచ్చేవే. నేనైతే ఒకే పేజీలో మూడు నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెడతాను. ఒకటి తల వంచినది, ఒకటి ఎత్తినది, ఒకటి పక్కకి తిరిగినది. మనిషి ఏ వాటంలోకి వస్తే ఆ బొమ్మ మీదికి దూకి రెండు గీతలు కలుపుతాను. గంటకి ఒకటో రెండో పూర్తవుతాయి, మిగతావి మొండిగా మిగిలిపోతాయి. నిజం చెప్పాలంటే ఆ మొండివే నాకు ఎక్కువ ఇష్టం.

ఇంకోటి. మీరు తలతో మొదలుపెట్టారు, అక్కడే మొదటికి మోసం వచ్చింది. కన్ను, ముక్కు అని దిగితే అమ్మమ్మ లేచి వెళ్ళిపోతుంది. ముందు వెన్ను వంపుకి ఒక గీత. భుజాల వాలుకి ఒకటి. మోచేతులు ఎక్కడున్నాయో రెండు చుక్కలు. ముప్పై సెకన్లు. దీన్ని గెశ్చర్ డ్రాయింగ్ అంటారు. న్యూయార్కు ఆర్ట్ స్టూడెంట్స్ లీగులో పాఠాలు చెప్పిన కిమోన్ నికోలైడిస్ తన శిష్యులచేత ఇదే చేయించేవాడు. మనిషి ఎలా ఉన్నాడో కాదు, ఏం చేస్తున్నాడో గియ్యమనేవాడు. మీ అమ్మమ్మ బొమ్మలో జరుగుతున్న పని అంతా రెండు చేతుల మధ్య ఉంది. మీరేమో ముక్కు దగ్గర కూర్చున్నారు.

సిరాబుడ్డి
మసిగుడ్డ సంగతి నాకు వదిలెయ్యండి.

పెన్సిలు ముల్లులో ఉండేది గ్రాఫైటు, బంకమన్ను కలిపి కాల్చిన ముద్ద. 1795లో ఫ్రాన్సులో కాంటే అనే ఆయన పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ అదే పద్ధతి. మన్ను పాలు ఎక్కువైతే గట్టిది, హెచ్ వైపు. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తది, బీ వైపు. మీరు 4బీయో 6బీయో వాడుతుంటారు, చూడ్డానికి నల్లగా బాగుంటుందని. సంచిలో పుస్తకం కదిలినప్పుడల్లా ఆ పొడి ఎదురు పేజీకి అంటుతుంది. హెచ్‌బీకి దిగండి, కుడిచేతి పేజీ ఒక్కటే వాడండి, పుస్తకానికి గట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. సగం మసి అక్కడే తగ్గుతుంది.

పెన్నుకి వస్తే, నా కథ విని నవ్వుకోండి. మొదట్లో మామూలు ఫౌంటెన్ పెన్ను సిరాతో మా నాన్న బొమ్మ వేశాను. మెట్టు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నారు. జన్మలో అంత బాగా కుదిరింది లేదు. రంగు వేద్దామని తడి కుంచె తగిలించానో లేదో, నాన్న మొహం నీలంగా కారిపోయింది. ఆ సిరాలో రంగు నీళ్ళలో కరిగి ఉంటుంది, తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. సరే, నీటికి చెదరనిది కావాలని పోయి ఇండియన్ ఇంకు తెచ్చి అదే పెన్నులో నింపాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అందులో లక్క లాంటి జిగురు ఉంటుంది, పెన్ను లోపలి సన్నటి దారుల్లో ఆరి గడ్డకట్టుకుపోయింది. ఇండియన్ ఇంకు ముంచి రాసే పాళీలకి, కుంచెలకి మాత్రమే. ఫౌంటెన్ పెన్ను కోసమే చేసిన పిగ్మెంటు సిరా అని అడిగి తీసుకోండి. అందులో రంగు కరగదు, సన్నటి రేణువులుగా తేలుతుంది. ఆరాక కాగితం పీచుల్లో ఇరుక్కుని నీళ్ళకి కదలదు. అయినా వారాల తరబడి వాడకుండా వదిలేస్తే అదీ మొండికేస్తుంది, అప్పుడప్పుడు కడగాలి.

ఇదంతా ఎందుకనుకుంటే మామూలు బాల్‌పెన్ను పట్టండి. దాని సిరా నూనె తరహాది, నీళ్ళకి పెద్దగా చెదరదు. మెల్లిగా నొక్కితే బూడిదగీత, గట్టిగా నొక్కితే నల్లగీత. ఎండలో పెడితే వెలిసిపోతుంది గానీ మూసి ఉంచే పుస్తకానికి ఆ బెంగ అక్కర్లేదు.

కాగితం గురించి ఒక్కమాటే. ప్రింటరు కాగితం 70, 80 జీఎస్సెమ్ (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటుంది, రంగు నీళ్ళు తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది. అప్పుడప్పుడు పల్చటి రంగు వేసేవాళ్ళకి 150 పైన సరిపోతుంది. ధారాళంగా నీళ్ళు పోసేవాళ్ళకే 300. మీకిప్పుడు అది అక్కర్లేదు. ఖరీదైన కాగితం కొంటే మొదటి గీత గియ్యడానికి చెయ్యి రాదు, అది అసలు జబ్బు.

బస్సుకిటికీ
అన్నా, పరేషాన్ గాకు. నేను బస్సుల గీస్త. పోంగ ఇరవై నిమిషాలు, రాంగ ఇరవై. ఎవ్వలు చూడరు, అందరు ఫోన్లల్ల మునిగిపోయి ఉంటరు. ఏ6 పుస్తకం, అరచేతంత. అది తెరిస్తే లెక్కలు రాసుకుంటున్నడు అనుకుంటరు. పెద్ద పుస్తకం తీస్తేనే జనం మూగేది.

బస్సు ఊగుతది, గీత వంకర పోతది. అది నా తప్పు గాదు, డ్రైవర్ తప్పు. ఆ ధైర్యంతోనే మూడు పుస్తకాలు నిండినయ్.

రెండుజడలు
ఈ చర్చలో చొరబడుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటిదే ఒకటి. మా పాపకి పదిహేను నెలలు. దాన్ని ఎప్పుడు వేసినా చిన్న సైజు ముసలావిడలా వస్తోంది. మావారు చూసి "మా మేనత్త" అన్నారు. ఎక్కడ తప్పుతోంది?

చిత్తుప్రతి
రెండుజడలు గారూ, కళ్ళు పైకి పెట్టేస్తున్నారు. పెద్దవాళ్ళకి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా సగంలో ఉంటాయి. చిన్నపిల్లలకి ఆ సగం గీతకి కిందికి ఉంటాయి, నుదురే ఎక్కువ. ఒళ్ళూ అంతే. పెద్దమనిషి ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలలు. ఏడాది పిల్లకి నాలుగు తలలు. మీరు బహుశా ఐదున్నర వేసి ఉంటారు. మెడ దాదాపు లేనట్టే వెయ్యండి. మొహంలో గీతలు ఎంత తగ్గిస్తే అంత వయసు తగ్గుతుంది. ముక్కు పక్కన గీత గీశారో, మేనత్త తిరిగొస్తుంది.

రెండుజడలు
ముక్కు పక్కన గీత!! అదే గీస్తున్నాను. దండం.

కానీ ఇంకో సంగతి. నాకు పగలు పుస్తకం పట్టుకునే తీరిక ఉండదు. ఫోటో తీసి పెట్టుకుని, పాప పడుకున్నాక చూసి వేస్తాను. అది డైరీ కింద లెక్కా, కాదా?

నిలువుగీత
నా మటుకు కాదు. క్షమించండి, మొహమాటం లేకుండా చెప్తున్నాను. అర్బన్ స్కెచర్స్ అని బొమ్మలు వేసేవాళ్ళ బృందం ఒకటి ఉంది కదా, 2007లో సియాటిల్‌లో పత్రికకి బొమ్మలు వేసే గాబ్రియేల్ కాంపనారియో మొదలుపెట్టింది. వాళ్ళు రాసుకున్న నియమాల్లో మొట్టమొదటిదే అది: ఉన్నచోట కూర్చుని కంటితో చూసి వెయ్యాలి. ఛాదస్తం కాదు, కారణం ఉంది. ఫోటోకి ఒక్కటే కన్ను. ఒక తృటిలో ఆగిపోయింది. మనం అరగంట చూస్తే ఆ అరగంటా గీతలోకి వస్తుంది. ఫోటో చూసి వేస్తే గోడ మీది స్విచ్చిబోర్డు కూడా పాపతో సమానంగా వచ్చి కూర్చుంటుంది. ఏది వదిలెయ్యాలో ఫోటో చెప్పదు.

రెండుజడలు
నిలువుగీత గారూ, మీ ఇంట్లో పదిహేను నెలల పిల్ల ఉందా?

నిలువుగీత
లేదు.

రెండుజడలు
సరే.

పాతచెప్పులు
పిల్లలూ, కొట్టుకోకండి. ఫోటోకీ ఎదుటి మనిషికీ మధ్య మూడోది ఒకటుంది, జ్ఞాపకం. రాత్రి పడుకునే ముందు ఫోటో తెరవకుండా, పొద్దున ఏం చూశానో దాన్ని వెయ్యమ్మా. చెయ్యి ఎటు ఉందో గుర్తుండదు. మర్నాడు అదే చెయ్యిని కాచుకుని చూస్తావు. అలా చూడటం అలవాటయ్యాక ఫోటో నీ అంతట నువ్వే మానేస్తావు, మానకపోయినా కొంప మునగదు.

ఏడోపేజీ గారి చింపుడు గురించి. లియొనార్డో డావిన్సీ నేర్చుకునే చిత్రకారులకి రాసిన సలహా ఒకటుంది. చిన్న పుస్తకం ఎప్పుడూ వెంట ఉంచుకో, వీధిలో జనం మాట్లాడుకోవడం, పోట్లాడుకోవడం, నవ్వడం, వాళ్ళు గమనించకుండా రెండు గీతల్లో పట్టుకో, వాటిని చెరపకు, జాగ్రత్తగా దాచుకో అన్నాడు. మనుషుల భంగిమలు అనంతం, జ్ఞాపకం వాటిని నిలుపుకోలేదు, అందుకని. చెరపడానికి వీల్లేకుండా పూత పూసిన కాగితం వాడమని కూడా చెప్పాడు. అంతటివాడు చెరపొద్దంటే మనం చింపుతున్నాం!

డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ గీతల్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒక పసివాడికి నడక నేర్పుతున్న బొమ్మ ఉంది, ఎర్రసుద్దతో వేసింది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇంకో దాంట్లో మారాం చేస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతుంటే వాడు తన్నుకుంటున్నాడు, కాలి జోడు ఊడిపోతోంది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఏడుపు, ఇప్పటికీ చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ఆ జోడు మీద ఆయన ఎంతసేపు పెట్టి ఉంటాడు? ఒక గీత, మహా అయితే రెండు.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. నా దగ్గర పద్నాలుగు పుస్తకాలున్నాయి. వాటిలో మా ఇంటావిడ బొమ్మలు చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ వెనకనుంచి వేసినవే. ముందు కూర్చుని వేస్తే కనిపెట్టేసి జుట్టు సర్దుకుని ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా అయిపోయేది. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు తీసి చూస్తే బొమ్మలు బొమ్మల్లాగే ఉన్నాయి, గొప్పగా ఏం లేవు. పక్కన మార్జిన్లో రాసుకున్న ముక్కలు మాత్రం చదువుతూ కూర్చుంటాను. "కరెంటు పోయింది. రేడియోలో బ్యాటరీలు మార్చలేదని నన్ను తిడుతోంది. నేను వినపడనట్టు గీస్తున్నాను." ఇంతే. తారీఖు, టైము, ఆ నిమిషంలో చెవిన పడ్డ మాట ఒకటి రాయండి. బాపు గీతలా రాకపోయినా ఫరవాలేదు, మాట అబద్ధం చెప్పదు.

బస్సుకిటికీ
పెద్దాయనా, ఇవాళ్టి నుంచి మాటలు సుత రాస్త.

మూడోమెట్టు
అందరూ గియ్యండి గియ్యండి అంటున్నారు, చేదు సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మా ఎదురింటివాళ్ళు ఒకరోజు గేటు దగ్గర నిలబడి వాదించుకుంటున్నారు. ఆయన చెయ్యి గేటు మీద, ఆవిడ చేతులు కట్టుకుని, మధ్యలో కుక్క ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూస్తోంది. నేను బాల్కనీలోంచి వేశాను. మొహాలు కూడా వెయ్యలేదు. కుక్క బాగా వచ్చిందని మురిసిపోయి నెట్‌లో పెట్టాను. వాళ్ళ గేటు డిజైను ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. ఎవరో వాళ్ళకి చూపించారు. మూడు నెలలు మాటల్లేవు. వెళ్ళి తప్పయిందని చెప్పాను, ఆవిడ "మేము మీకు బొమ్మలమా?" అంది. ఏం చెప్తాం?

అప్పటినుంచి ఎవర్నైనా గీస్తాను, కానీ పుస్తకం దాటనివ్వను. నెట్‌లో పెట్టాలంటే వాళ్ళని అడుగుతాను. వేరేవాళ్ళ పిల్లల్ని అడిగి కూడా పెట్టను. పోట్లాట, ఏడుపు, జబ్బు, ఇవి నా పుస్తకంలో కూడా ఆలోచించి గీస్తాను. ఎవరైనా చూసి ముఖం చిట్లిస్తే అక్కడికక్కడ పుస్తకం తిప్పి చూపిస్తాను. నూటికి తొంభైమంది నవ్వేసి "నా పొట్ట ఇంతుందా?" అంటారు. దాచుకుంటేనే అనుమానం.

నిలువుగీత
దీనికి పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒక చిన్న చేర్పు: బొమ్మ బాగా కుదిరితే నకలు తీసి వాళ్ళకే ఇవ్వండి. మా వీధిలో నన్ను చూసి తలుపేసుకునే పెద్దాయన, ఒక నకలు ఇచ్చాక, ఇప్పుడు తనే వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. అదో కొత్త తలనొప్పి అనుకోండి, కదలకుండా బిగుసుకుపోతాడు.

రెండుజడలు గారూ, నిన్న నేను కాస్త దురుసుగా రాశాను. మన్నించండి.

రెండుజడలు
ఫరవాలేదండి. నిన్న పాప నిద్రపోతుంటే ఎదురుగా కూర్చునే వేశాను. పదకొండు నిమిషాలు. మెడ లేకుండా! మావారు "ఇది మనదే" అన్నారు.

ఏడోపేజీ
పన్నెండు రోజులయింది. అందరి మాటా విని ఏం చేశానో చెప్పాలి కదా.

నాలుగో పుస్తకం కొనలేదు. ఆ మూడిట్లో ఒకటి తీసి, చింపేసిన చోట మిగిలిన చిన్న అంచుకి ఒక పాత కాగితం అంటించాను. బాల్‌పెన్ను పట్టాను. మొదటి రెండు రోజులు చెత్త. మూడోరోజు పక్కింటి పిల్లాడి సైకిలు వేశాను, చక్రాలు రెండూ కోడిగుడ్లలా వచ్చాయి. పక్కన "సాయంత్రం 6:10. వాళ్ళమ్మ మూడోసారి పిలుస్తోంది" అని రాశాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పితే సైకిలు కాదు, ఆ పిలుపే వినబడుతోంది. పాతచెప్పులు గారూ, మీకు నమస్కారాలు.

అమ్మమ్మని మళ్ళీ వేశాను. ఈసారి తల జోలికి పోలేదు, చిత్తుప్రతి గారు చెప్పినట్టు రెండు చేతులే. ఒకే పేజీలో నాలుగుసార్లు. దారం తడపడం, నలపడం, సూది ఎత్తడం, గురిచూడటం. ఆ పూట ఆవిడ ఐదుసార్లు దారం ఎక్కించింది, నేను లెక్కపెట్టాను. మూడు చేతులు మొండివి. నాలుగోది కుదిరింది. చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ఎప్పుడూ కొంచెం పక్కకి వంగి ఉంటుందని ఇన్నేళ్ళలో ఆ రోజే చూశాను.

భయపడుతూనే చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, పేజీ దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. జ్వరం మాట ఎత్తలేదు. "అంగుస్తానా ఏదిరా?" అంది.

కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే టోపీ అది. దారం ఎక్కించేటప్పుడు తీసి మోకాలి మీద బోర్లించుకుంటుందట. నాకు కనబడనే లేదు. రేపు మధ్యాహ్నం మళ్ళీ కూర్చుంటానంది, తొమ్మిదో పేజీకి.

సిరాబుడ్డి
అంగుస్తానా మీద గుంటలుంటాయి చూడండి, వాటిని గీతలతో నింపకండి. వెలుతురు పడే వైపు పూర్తిగా వదిలేసి, నీడ వైపు మాత్రం చుక్కలు పెట్టండి. బాల్‌పెన్ను కొనకి సిరా ముద్ద చేరుతుంది, ప్రతి పది చుక్కలకీ ఒకసారి చిత్తుకాగితం మీద తుడుచుకోండి.